మడమల పలక

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బడికి తాళం, బస్సుకు తాళం. భూపాలపల్లి అవతల, గోదావరి ఒడ్డున నేను పనిచేసే ఊళ్లో దవాఖానకు పోవాలన్నా ఏరు దాటడమొక్కటే దారి. అందుకని పాత పడవ బాగుచేద్దామని ముగ్గురం పూనుకున్నాం. ఇద్దరం పంతుళ్లం, ఒకాయన సమ్మెలో ఉన్న బస్సు డ్రైవరు.

"సుద్దముక్క పట్టెటోళ్లు సుత్తె పడ్తరా?" అని ఊరు నవ్వింది.

పడవ ఒక అవ్వది. ఆమె భర్త దాన్ని నడుపుతూనే వరదలో పోయాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. అడగ్గానే ఇచ్చింది గానీ నా దగ్గర మాట తీసుకుంది.

"తెడ్డేసేటప్పుడు ఆయన కాళ్లు ఆనిచ్చిన పలక ఉన్నది సారూ. గది తీస్తే నాకియ్యున్రి. దహనం జేసెతందుకు నాకేం దొర్కలే. గదన్న జేస్త."

ఆ పలక మీద రెండు మడమల గుంటలు అరిగి నున్నగా ఉన్నాయి. విడిగా పెట్టాలనుకుంటూనే పుచ్చిన చెక్కల కుప్పలో వేశాను. కొత్త పలకలు బిగించి, సందుల్లో గుడ్డ పీలికలు, గుగ్గిలం కూరాం. ఆ మధ్యాహ్నమే రోడ్డు మీద వంటావార్పు. కట్టెలు చాలవన్నారు. నినాదాల హుషారులో కుప్పంతా మోసుకెళ్లి పొయ్యిలో పెట్టింది నేనే. బంతిలో కూర్చున్న అవ్వకు అన్నం వడ్డించిందీ నేనే.

చేయి కడుక్కొని అడిగింది. "సారూ, గా పలక ఏది?"

అప్పుడు గుర్తొచ్చింది. నిజం చెబితే తిన్న అన్నం కక్కుకుంటుందని భయపడ్డాను.

"ఏట్ల కొట్కపోయిందవ్వా."

"ఆయన పోయిన తొవ్వనే పోయిందా" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

పడవ నడిచింది. ఊరు మమ్మల్ని మెచ్చుకుంది. అవ్వ మాత్రం రోజూ పొద్దున ఒడ్డు వెంట కిందికి నడిచేది. దొరికిన ప్రతి చెక్కా తెచ్చి "గిదేనా సారూ?" అనేది. నేను పరీక్షగా తడిమి చూసి కాదనేవాణ్ణి. అంత సిగ్గులేని మనిషినని అప్పటిదాకా నాకే తెలియదు.

రాష్ట్రం వచ్చాక నాకు పాలకుర్తికి బదిలీ అయింది. వెళ్లే రోజు కూడా ఒక తడిచెక్క తెచ్చింది. ఇక చూడలేక "గిదే అవ్వా" అన్నాను.

ఆమె వేళ్లతో చాలాసేపు తడిమింది. "గుంటలు ఏట్ల అరిగిపోయినట్టున్నయి" అంది.

ఇసుకలో కట్టెలు పేర్చి, ఎక్కడిదో ఆ చెక్కను వాటి మీద పడుకోబెట్టింది. ఏడుస్తూ నిప్పు పెట్టింది. నేను చెప్పులు విడిచి, పక్కన నిలబడి దండం పెట్టాను.