నానైచ ఇంటి తూర్పు గది

బుఖారాలో నానైచ నోటికి జడవనివాళ్ళు లేరు. ఆ పేరు ఆమెకి ఊరికే రాలేదు. అరబ్బు సేన ఊళ్ళో స్థిరపడిన ఏడు, అధికారులు ఇంటింటికీ తిరిగి ప్రతి ఇంటినీ తాడు పట్టి రెండుగా కొలిచారు. ఒక సగం ఇంటివాళ్ళకి, ఒక సగం అరబ్బు సిపాయి కుటుంబానికి. వీధంతా నోరు మూసుకుని తాడు కొస పట్టుకున్నవాళ్ళే. నానైచ మాత్రం తాడు మీద కాలు వేసి నిలబడింది.

"తూర్పు గది అటు పోవడానికి వీల్లేదు" అంది దుబాసీతో.

అధికారికి ఎండ తలకెక్కి ఉంది, ఇంకా సగం వీధి మిగిలే ఉంది. "అయితే తాడు జరుపుతాను. గది నీకు, బావి వాళ్ళకి. ఏదో ఒకటి చెప్పు" అన్నాడు.

నానైచ నోరు తెరిచేలోగా ఆమె మొగుడు వఖ్షక్ "బావి, బావి" అనేశాడు. అతను నేతగాడు. నూలు తడపడానికి నీళ్ళు లేకపోతే మగ్గం ఎందుకు పనికొస్తుందని అతని బాధ. అది సబబైన మాటే. కానీ సబబైన మాట చెప్పిన మొగుణ్ణి క్షమించడం ఏ పెళ్ళానికైనా కష్టం. ఆ తర్వాత జీవితాంతం ఇంట్లో ఏ గిన్నె పగిలినా, ఏ రొట్టె మాడినా, "బావి దగ్గరికి పోయి చెప్పుకో" అనడం నానైచకి అలవాటైపోయింది.

ఆ గదిలో ఏముందంటే చూడ్డానికి ఏమీ లేదు. మట్టిగోడలు, ఒక గోడలో పైనొకటి కిందొకటి రెండు గూళ్ళు, చిన్న కిటికీ. కానీ ఏడాది చివరి రోజుల్లో ఆ ఇంట్లో పోయినవాళ్ళందరూ తిరిగొచ్చేది ఆ గదికే. పై గూట్లో వేడివేడి రొట్టె, మాంసం పులుసు, ద్రాక్షసారా పెట్టి తలుపు దగ్గరగా వేయాలి. వాళ్ళు వచ్చి, తిని, ఇల్లు బాగుందని చూసుకుని పోతారు. అత్తగారు ప్రాణం పోయే ముందు కోడలి చెయ్యి పట్టుకుని, "నన్ను పస్తు పెట్టకే" అని ఒట్టు వేయించుకుంది. బతికి ఉండగా కోడల్ని సగం పస్తులు పెట్టిన మనిషి ఆవిడ. అయినా ఒట్టు ఒట్టే.

"పక్క గదిలో పెట్టు. వాళ్ళకి వాసన తెలీదా ఏంటి?" అనేవాడు వఖ్షక్.

"బతికున్నప్పుడే మీ అమ్మకి ఒక మాట చెబితే ఎక్కేది కాదు. పోయాక గది మారిందంటే ఎక్కుతుందా?"

అవతలి సగంలోకి వచ్చిన సిపాయి షబీబ్ మాట తక్కువ మనిషి. అతని పెళ్ళాం లుబాబా అలా కాదు. ఇద్దరాడవాళ్ళకీ ఒకరి భాష ఒకరికి తెలియదు. ముందు తిట్లు నేర్చుకున్నారు, కూరగాయల పేర్లు ఆ తర్వాత. నానైచ కుక్క అటు వెళితే లుబాబా చీపురు తీసేది. లుబాబా మేకలు ఇటు వస్తే నానైచ కర్ర తీసేది. మొదటి ఏడాది చివర నానైచ పళ్ళెం పట్టుకుని తూర్పు గది గుమ్మంలో నిలబడితే, లుబాబా సారా వాసనకి ముక్కు మూసుకుని తలుపు వేసేసింది. రెండో ఏడు కాళ్ళావేళ్ళా పడితే గడప బయట పెట్టనిచ్చింది. పెట్టి వెనక్కి తిరిగేలోగా మేకలు తిన్నాయి.

"మీ పెద్దలు కడుపు నిండా తిన్నారక్కా" అంది లుబాబా, వచ్చీరాని భాషలో.

నానైచ ఆ పూట అన్నం ముట్టలేదు. కోపం కంటే అవమానం ఎక్కువ కాల్చింది ఆమెని. తన ఇంట్లో, తన అత్తగారి భోజనం, పరాయివాళ్ళ మేకల పాలైంది.

ఈ అతిథులు ఎప్పుడు పోతారని ఆలోచించడం అప్పుడు మొదలుపెట్టింది. అసలు వాళ్ళెందుకొచ్చారు? బుఖారావాళ్ళు సేన ఉన్నంతసేపు కొత్త మతానికి సరేనని, సేన వెనుదిరగ్గానే పాత పూజలకి తిరిగేవాళ్ళు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ చేశారు. అందుకే ఇంటికో కన్ను కాపలా పెట్టారు. మరి కనిపెట్టి చూడాల్సిందేమీ లేకపోతే కన్నుకి పనేముంది? ఊళ్ళో సగం మంది ఇలాగే లెక్క వేసుకున్నారు, కాకపోతే చేయడానికి వాళ్ళకి ఓపిక లేకపోయింది. నానైచకి ఉంది.

"మనం మంచి ముసల్మానులం అవుతున్నాం" అంది మొగుడితో.

"ఎప్పట్నుంచి?"

"రేపట్నుంచి. సారా జాడీలు పెరట్లో వంపెయ్."

వఖ్షక్ జాడీలు వంపుతూ ఏడ్చినంత పని చేశాడు. కొత్త మతంలో కుక్క ఇంట్లో ఉండకూడదని దాన్ని తమ్ముడి పల్లెకి పంపేశారు. శుక్రవారం మసీదుకి వచ్చిన పేదవాళ్ళకి రెండు వెండి నాణేలు ఇస్తామని చాటింపు వేస్తే, వఖ్షక్ నాణేలు రాని వారం కూడా వెళ్ళాడు. అరబ్బీ రానివాళ్ళ కోసం అక్కడ వెనక ఒకడు నిలబడి "వంగండి" అనీ "లేవండి" అనీ ఊరి భాషలో కేక వేసేవాడు. అతని కేకకి, వఖ్షక్ నడుముకి ఎప్పుడూ పొంతన కుదరలేదు. అందరూ లేచేసరికి వంగేవాడు.

నానైచ మాత్రం లుబాబా దగ్గరే కూర్చుని నేర్చుకుంది. ఒక్కో వాక్యం పొద్దస్తమానం గోధుమలు విసురుతూ వల్లెవేసేది. లుబాబా దిద్దేది, కసిరేది, మళ్ళీ దిద్దేది. ఈ పాఠాల మధ్యలోనే లుబాబాకి కూతురు పుట్టింది, తూర్పు గదిలోనే. జుమాన అని పేరు పెట్టారు. మంత్రసాని రావడం ఆలస్యమైతే బొడ్డు కోసింది నానైచ. ఆ పిల్ల రెండు సగాల్లోనూ పెరిగింది. అటు అరబ్బీలో అలిగి, ఇటు వచ్చి ఊరి భాషలో తినేది. నానైచని "పెద్దమ్మా" అనేది.

పిల్లకి అయిదో ఏడు నడుస్తుండగా గొంతు వాచింది. ఊళ్ళో చాలామంది పిల్లలకి వచ్చిన జబ్బే. నెయ్యిలో మగ్గిన ఖర్జూరం కావాలని ఏడ్చేది, పెడితే మింగలేక ఉమ్మేసేది. అలా అడుగుతూ అడుగుతూనే తూర్పు గదిలో కన్ను మూసింది. ఊరి బయట మట్టిలో పెట్టి వచ్చారు. లుబాబా గోడకి ఆనుకుని కూర్చుంటే నానైచ ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. అలా కూర్చునే, ఒక్క క్షణం నానైచ కళ్ళు పైకి లేచి గూటి వైపు చూశాయి. ఈ గది ఎప్పుడొస్తుందో అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా అనుకుంది.

ఆ తర్వాత రెండేళ్ళకి అరబ్బుల కోసం కోట అవతల కొత్త పేట కట్టారు. నమ్మకమైన ఇళ్ళలో కాపలా అక్కర్లేదని, ఆ ఇళ్ళ సిపాయిలకి అక్కడ చోటిస్తామని కబురొచ్చింది. అధికారి వచ్చి షబీబ్‌ని అడిగాడు.

షబీబ్ జీవితంలో అంత పెద్ద మాట మాట్లాడటం అదే మొదలు. "ఈమె తెల్లవారుజాము నమాజు ఏనాడూ తప్పలేదు. నేను తప్పాను" అన్నాడు.

అధికారి మెచ్చుకున్నాడు. ఇల్లు మొత్తం మీదేనన్నాడు నానైచతో. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు. "ఈ వీధికి మీ ఇల్లే ఆదర్శం. అందరి కళ్ళూ మీ మీదే ఉంటాయి. పాత పద్ధతులు మళ్ళీ కనిపించాయంటే ఈసారి ఒకటి కాదు, రెండు కుటుంబాలు దింపాల్సి వస్తుంది" అన్నాడు నవ్వుతూ.

అతను అటు వెళ్ళగానే నానైచ తూర్పు గదిలోకి వెళ్ళి నిలబడింది. ఇన్నేళ్ళ కష్టానికి చేతికొచ్చిన గది. అందులో చేయాల్సిన పని చేయడానికి మాత్రం వీల్లేని గది. ఎదురింటి కిటికీ లోంచి చూస్తే పై గూడు తిన్నగా కనిపిస్తుంది, ఎదురింటావిడకి పనేమీ లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యి మొగుడు కోరుకున్నది, గొయ్యి తను తవ్వుకున్నది.

దానికంటే ఆమెని ఎక్కువ విసిగించింది ఇంకొకటుంది, ఎవరికీ చెప్పుకోలేనిది. నటిస్తూ నటిస్తూ ఆ నమాజు ఎప్పుడు నిజమైపోయిందో ఆమెకే తెలియదు. నుదురు నేలకి ఆనించినప్పుడు ఒంట్లో ఒక నెమ్మది. ఇంట్లో మరెక్కడా దొరకనిది. అతిథుల్ని పంపడానికి పట్టుకున్న తాడు తన కాళ్ళకే చుట్టుకుంది. ఇప్పుడు చాటుగా పెద్దలకి పళ్ళెం పెడదామన్నా, చాటు ఎక్కడుంది? పైనుంచి చూసేవాడు చూస్తూనే ఉంటాడని తనే నమ్ముతోందాయె.

ఏడాది చివరి రోజులు వచ్చాయి. పొద్దున్నే లేచి నమాజు చేసుకుంది. చేసుకుని, పులుసు వండింది.

"ఎందుకే ఇదంతా?" అన్నాడు వఖ్షక్ భయంగా.

"నీకే. కూర్చుని తిను."

"ఇంత పులుసా?"

"బావి దగ్గరికి పోయి చెప్పుకో."

అతను మగ్గం మీదికి వెళ్ళిపోయాడు. నానైచ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తూర్పు గది గడప మీద కూర్చుంది. లోపల పెట్టలేదు, వంటింట్లోకి తీసుకుపోలేదు. పులుసు మీద నెయ్యి పేరుకుంటోంది. అత్తగారు కళ్ళ ముందు మెదిలింది. "అయిందా నీ తెలివి?" అన్నట్టే ఉంది ఆ మొహం.

వీధి తలుపు చప్పుడైంది. లుబాబా. కొత్త పేట నుంచి నడిచి వచ్చింది, చెంగు కింద ఏదో దాచుకుని. పలకరింపు కూడా లేకుండా లోపలికొచ్చి, గది వైపు చూసి, పళ్ళెం వైపు చూసింది. నానైచ పట్టుబడ్డాననుకుంది. అబద్ధం వెతుక్కుంటుండగానే లుబాబా చెంగు తీసింది. చిన్న గిన్నె. నెయ్యిలో మగ్గిన ఖర్జూరాలు, గింజలు తీసి మెత్తగా మెదిపినవి.

"అక్కా, ఇవాళే కదూ వాళ్ళొచ్చేది?" అంది.

"ఎవరు?"

"నీకు తెలుసు ఎవరో. మా కొత్తిల్లు దానికి తెలీదు. అది పుట్టింది ఇక్కడ, పోయింది ఇక్కడ. వస్తే ఇక్కడికే వస్తుంది."

నానైచకి కోపమొచ్చింది. "ఇది తప్పని నాకు నేర్పింది ఎవరే? పోయినవాళ్ళు తిరిగి రారు, తినరు, అడగరు అని గోధుమలు విసురుతుంటే నా చెవిలో పోసింది నువ్వు కాదూ? ముక్కు మూసుకుని ఈ తలుపేసింది నువ్వు కాదూ?"

"నేనే."

"మీ మేకలు తిన్నాయి మా అత్తగారి పులుసు."

"తిన్నాయి. నవ్వాను కూడా. అప్పుడు నాకెవరూ పోలేదక్కా."

నానైచ గొంతు తగ్గింది. "ఎదురింటావిడకి కనబడకుండా కిటికీ మూస్తాను. పైవాడికి ఏం మూస్తావు?"

"ఏమీ మూయను" అంది లుబాబా. "తప్పు రాసుకోమంటాను. అది అడుగుతూ అడుగుతూ పోవడం ఆయనా చూశాడు కదా, అది కూడా పక్కన రాసుకోమంటాను."

ఇన్నేళ్ళు. ఇన్నేళ్ళ వల్లెవేత, వంపేసిన జాడీలు, పల్లెలో ఎవరింటి ముందో తోకాడిస్తున్న కుక్క. ఈ ఒక్క మాట ముందే అనుకుని ఉంటే ఈ మనిషిని ఇంట్లోంచి పంపాల్సిన పనే ఉండేది కాదు. నానైచకి ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక, లేచి కిటికీ తలుపు ఠపీమని వేసింది.

లుబాబా లోపలికి వచ్చి, మునివేళ్ళ మీద లేచి, గిన్నెని పై గూట్లో పెట్టబోయింది.

"నీకేమైనా బుద్ధుందా?" అంది నానైచ. "అంత ఎత్తున పెడితే దానికి అందుతుందా? కింద గూట్లో పెట్టు."

లుబాబా గిన్నె కింద పెట్టింది. నానైచ తన పళ్ళెం పైన పెట్టింది, చల్లారిన పులుసుతోనే. తర్వాత ఇద్దరూ బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసి, మేకలు లేకపోయినా అలవాటు కొద్దీ గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు.