రైలు కూతకు సేవ్, ఆదివారానికి కార్బన్

మధురవాడలో మా ఆఫీసులో ఒక కాలేజీ పుస్తకం పేజీలు దిద్దుతుండగా ఫోను మోగింది. మోగగానే నా ఎడమ చేయి సేవ్ నొక్కింది, కుడి చేయి ఫోను ఎత్తింది. కంచరపాలెం నుంచి ఫోను. పిన్ని పోయిందన్నారు. పొద్దున టీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే వాలిపోయిందట. నేను ఏడ్చాను. చాలాసేపటి తరువాత కళ్లు తుడుచుకుని చూస్తే తెర మీద నా పని చెక్కుచెదరకుండా ఉంది. అది చూసి మళ్లీ ఏడ్చాను.

ఆవిడ నాకు చుట్టమేమీ కాదు. నాన్నకు పోర్టులో ఉద్యోగం రాగానే గోదావరి జిల్లా నుంచి వచ్చి కంచరపాలెంలో అద్దెకు దిగాం. పక్క వాటా ఆవిడది. వీధంతా పిన్ని అంటుంటే మేమూ పిన్ని అన్నాం. ముందుగదిలో నాలుగు టైపు మిషన్లు పెట్టి ఆడపిల్లలకు టైపు నేర్పేది. నేను మాటకు ముందొక "అండీ", వెనకొక "అండీ" తగిలిస్తుంటే ఆవిడకు నవ్వు ఆగేది కాదు. "ఓలే గోదారమ్మా, నీ అండీలన్నీ తీసేస్తే నిమిసానికి పది మాటలు ఎక్కువ కొడతావే" అనేది.

ఆవిడ దగ్గర మొదటి పాఠం అక్షరాలు కాదు, కార్బన్. కొట్టే కాగితం కింద కార్బన్ షీటు, దాని కింద ఇంకో తెల్ల కాగితం పెట్టకుండా మిషన్లోకి ఏదీ ఎక్కించనిచ్చేది కాదు. ఉత్త అభ్యాసానికి కొట్టేదానికీ నకలు ఉండాల్సిందే. కార్బన్ లేకుండా టైపు కొట్టడమంటే ఆవిడ లెక్కలో తలుపులు బార్లా తీసి ఊరెళ్లడం. మేం విసుక్కునేవాళ్లం. విసుగు కనబడితే చెక్క స్కేలు బల్ల మీద టపీమనేది. అంత కోపిష్టి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

తొంభైలు సగం గడిచేసరికి టైపు నేర్చుకునేవాళ్లు తగ్గిపోయారు. పిన్ని ఏడుస్తూ కూర్చోలేదు. యాభై దాటిన వయసులో, తన దగ్గర టైపు నేర్చుకున్న పిల్ల దగ్గరికే వెళ్లి కంప్యూటర్ నేర్చుకుంది. రెండు మిషన్లు తీసేసి ఆ చోట ఒక కంప్యూటర్ పెట్టి, బయటి టైపు పనులు తీసుకుని మాతో చేయించే షాపుగా మార్చింది. దాని మీద తన పాత నేత చీర కప్పేది. మొదటి వారంలోనే కరెంటు పోయి, పొద్దుట్నుంచీ కొట్టిన పదకొండు పేజీలు గాలికి పోయాయి. మరునాడు పొద్దున మమ్మల్ని పిలిచి కొత్త రూలు చెప్పి, గోడ మీద సుద్దతో రాసింది.

మా ఇళ్ల వెనకే రైలు పట్టాలు. గూడ్సయినా, మెయిలైనా, ఒట్టి ఇంజనైనా కూత వేయకుండా పోదు. "గడియారం సూడక్కర్లేదు. కూత ఇనబడిందా, సేవు నొక్కీడమే" అంది పిన్ని. వంటింట్లో ఉన్నా సరే, కూత పడగానే "రైలెల్తంది, నొక్కీసినారా?" అని కేకేసేది. నెల తిరిగేసరికి మా చేతులకు చెప్పాల్సిన పని లేకపోయింది. కూత వినబడితే ఎడమ చేతి వేళ్లు రెండు వాటంతటవే దిగేవి.

కార్బన్‌ను మాత్రం వదల్లేదు. ఫ్లాపీలోకి తీసే నకలును కూడా కార్బన్ అనే పిలిచేది. అలాంటి ఫ్లాపీలు రెండు: ఒకటి షాపులో ఉండేది. రోజుకోసారి, పైగా కరెంటు పోయి వచ్చినప్పుడల్లా, అందులోకి నకలు తీయాలి. రెండోది ఆదివారం నాడు చేపల కేరియర్‌తో పాటు గోపాలపట్నంలో వాళ్లక్క ఇంటికి వెళ్లేది. కేరియర్, ఫ్లాపీ ఒకే సంచిలో పెట్టకూడదు, నీచు నీరు కారుతుంది. ఈ ఊరి సముద్రపు గాలికి ఫ్లాపీలు బూజు పడతాయని ప్లాస్టిక్ కవర్లో చుట్టి అక్కగారి బియ్యం డబ్బాలో దింపేది. ఇంత యాతన ఎందుకు, ఇక్కడే మన బీరువాలో పెట్టుకోవచ్చు కదండీ అని అడిగాను. "ఒకే కొంపలో రెండు కార్బన్లెడితే అది ఒక్క కార్బనే. కొంపంటుకుంటే రెండూ కలిసే ఎల్తాయి" అంది.

ఆ మాట విలువ నాకు పాటలమ్మాయి పని మీద తెలిసింది. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చింది. రైతు కుటుంబం. వాళ్లింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. యూనివర్సిటీలో వరినాట్ల పాటల మీద పరిశోధన చేసి, ఆ గ్రంథాన్ని మా దగ్గర టైపుకిచ్చింది. నా పక్కన కుర్చీ వేసుకుని, వాళ్లమ్మమ్మ దగ్గర నేర్చిన పాటలు సన్నగా పాడుతుంటే నేను కొట్టేదాన్ని. శుక్రవారం సాయంత్రం నాలుగింటికల్లా యూనివర్సిటీ ఆఫీసులో ఇవ్వాలి. అదే ఆఖరు గడువు. దాటితే పేరు కొట్టేస్తారు, నాలుగేళ్ల కష్టం మళ్లీ మొదటికి వస్తుంది.

గురువారం మధ్యాహ్నం పన్నెండవుతోంది. పని దాదాపు అయిపోయింది. అక్షరాల సైజు ఒక పిసరు పెంచుదామని పుస్తకం మొత్తం ఒకేసారి సెలెక్ట్ చేశాను. ఏ మీట మీద వేలు పడిందో, తెర తెల్లబడింది. ఆ ముసలి కంప్యూటర్ ఏం మార్చినా కాసేపు అలా తెల్లబడేది, కాబట్టి నేను కంగారుపడలేదు. ఈలోగా కాగితం చూద్దామని తల తిప్పాను. సరిగ్గా అప్పుడు గూడ్సు కూత వేసింది. నా వేళ్లు దిగాయి. ఇంకో నిమిషానికి కరెంటు పోయింది. వచ్చాక, రూలు ప్రకారం, ఫైలు తెరవకుండానే ముందు షాపు ఫ్లాపీలోకి కార్బన్ తీశాను. ఆ తరువాత తెరిచి చూశాను. మొదటి పేజీలో పైన ఒక్క "క" ఉంది. మొత్తం సెలెక్ట్ చేసి ఉండగా పడిన ఆ ఒక్క మీట పుస్తకాన్నంతా తుడిచేసింది, కూతకు నేను దాన్నే సేవ్ చేశాను. ఫ్లాపీలోనూ అదే "క".

"అక్కా, ఏటిది? పాటలేవి?" అంది ఆ అమ్మాయి. నేను బోరుమన్నాను. పిన్ని వంటింట్లోంచి వచ్చి, తెర చూసి, నేను చెప్పింది వింది. స్కేలు కోసం చేయి చాస్తుందనుకున్నాను.

"ఏడిస్తే కీబోర్డు తడుస్తాది. లెగు, మొకం కడుక్కో" అంది. తరువాత నా కంటే తనకే చెప్పుకుంటున్నట్టు, "సేవు మంచీ సెడ్డా సూడదే. నువ్వు తప్పు సేస్తే తప్పునే దాస్తాది. నువ్వు రూలు పెకారమే సేసినావు. రూలు నాది, తప్పూ నాదే" అంది. అంత కోపిష్టి అంత మాట అనేసరికి నాకు ఏడుపు ఆగిపోయింది.

వీధి చివర ఫోను బూత్‌కి వెళ్లి గోపాలపట్నం ఫోను చేసి ఫ్లాపీ తెమ్మంది. గంటలో రావలసిన అక్కగారు గంటన్నరైనా రాలేదు. ముగ్గురం వీధిలోకి వచ్చి నిలబడ్డాం. రైలు గేటు పడి ఉంది. గూడ్సు బండి పెట్టె వెనక పెట్టె, తీరిగ్గా పోతూనే ఉంది. "ఎల్లవే తల్లీ, ఎల్లు!" అని పిన్ని రైలును తిట్టింది. అన్నేళ్లలో ఆవిడ రైలును తిట్టడం నేను విన్నది ఆ ఒక్కసారే. గేటు లేవగానే అవతలి నుంచి అక్కగారు నడిచి వచ్చింది. చంకలో బిందె పట్టుకున్నట్టు బియ్యం డబ్బా ఉంది.

"ఏ బిళ్లో నాకేటి తెలుసు? అందుకే డబ్బా మొత్తం ఒట్టుకొచ్చీసినాను. బస్సులో కండక్టరు ఒకటే నవ్వు" అంది రొప్పుతూ.

పిన్ని మోచేతి దాకా చేయి బియ్యంలో దింపి కవరు పైకి తీసింది. ఫ్లాపీ పెట్టింది. డ్రైవు గరగరమంది, ఆగింది, మళ్లీ గరగరమంది. తెర మీద వరినాట్ల పాటలు వరుసగా దిగాయి. పాటలమ్మాయి పెద్దగా కేక పెట్టి అక్కగారిని కావలించుకుంది. బియ్యం గదంతా చిందాయి.

అది ఆదివారం నాటి నకలు. నాలుగు రోజుల దిద్దుబాట్లు మళ్లీ చేయాలి. ఎర్ర సిరాతో దిద్దిన కాగితాలు ఉన్నాయి కాబట్టి బతికిపోయాం. పిన్ని చదివింది, నేను కొట్టాను, చరణం అనుమానం వచ్చిన చోట ఆ అమ్మాయి పాడింది. దీపాలు పెట్టే వేళకు పూర్తయింది. శుక్రవారం పొద్దున ప్రింట్లు, ఆ తరువాత బైండింగు. సాయంత్రం అయిదు కావస్తుండగా ఆటో వచ్చి ఆగింది. ముద్ర పడిన రసీదును రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడింది. మేం గెలిచాం! వీధిలో అందరూ ఏదో పండగనుకునేంత గోల చేశాం.

పిన్ని మాత్రం కళ్లద్దాలు తుడుచుకుని, "బాగుంది. ఇప్పుడు కార్బన్ తియ్యి" అంది నాతో. పని అయిపోయింది కదా పిన్నిగారండీ అన్నాను. "పనైపోతే పారబోత్తారేటి?" అంది. ఆ రోజే గోడ మీద పాత రూలు చెరిపి, "ముందు చూడు, తర్వాత నొక్కు" అని సుద్దతో రాసింది. షాపులోకి ఇంకో ఫ్లాపీ కొంది. ఒకటి ఇవాళ్టికి, ఒకటి నిన్నటికి.

తరువాత సీడీలొచ్చాయి, పెన్‌డ్రైవులొచ్చాయి. అన్నిటినీ కార్బనే అంది. మధురవాడలో నేను సొంతంగా ఆఫీసు తెరిచిన రోజు వచ్చి, కుర్చీలు చూడలేదు, అద్దాల తలుపూ చూడలేదు. కాసేపు చెవి ఒగ్గి విని, "ఇక్కడ రైలినబడదేటే?" అని దిగులుపడింది. టీ తాగి లేస్తూ ఉపాయం చెప్పింది. "ఫోను మోగినప్పుడల్లా నొక్కండి." అలాగే నొక్కుతున్నాం. మా ఆఫీసులో ఇంతవరకు ఎవరి పనీ పోలేదు. ఆవిడ పోయిన కబురు వచ్చిన రోజున కూడా పోలేదు.

పెద్దకార్యానికి వెళ్తే వీధి పట్టలేదు. ఆవిడ దగ్గర నేర్చుకుని స్టీలు ప్లాంటులో, పోర్టులో, బ్యాంకుల్లో, కోర్టులో పనిచేస్తున్న ఆడవాళ్లంతా వచ్చారు. పాటలమ్మాయి ఇప్పుడు కాలేజీలో పాఠం చెబుతోంది. ఆమే అందరికంటే ముందు వచ్చింది. అక్కగారు మా ఇద్దరినీ పక్కకు పిలిచి ఒక ప్లాస్టిక్ కవరు చేతిలో పెట్టింది. లోపల ఆ ఫ్లాపీ. మీద పిన్ని రాత, "నాట్ల పాటలు, పారేయకండి". "ఇన్నేళ్లూ బియ్యం మార్సినప్పుడల్లా మళ్లీ అందులోనే ఎట్టీమనేది" అంది అక్కగారు.

షామియానా కింద బంతి వేశారు. అన్నం కలుపుతుండగా వెనక పట్టాల మీద గూడ్సు గట్టిగా కూత వేసింది. మాటలు ఆగిపోయాయి. నేను తల తిప్పి వరుస పొడుగునా చూశాను. కుడి చేతులన్నీ విస్తళ్లలో ఉన్నాయి. ఒళ్లో ఉన్న ఎడమ చేతులు మాత్రం, టైపు రాని పాటలమ్మాయి చేతితో సహా, రెండేసి వేళ్లు కిందికి నొక్కి, ఆఖరి పెట్టె దాటేదాకా అలాగే ఉన్నాయి.