ఆంటీ ఒప్పుకోని బంగారం

సింగపూర్ బుకిట్ బటోక్‌లో మా ఎదురు ఫ్లాట్ ఆంటీ పోయారు. ఆ కబురు నాకు ఫోన్‌లో ఫార్వర్డుగా వచ్చింది. పంపినవాడు ఒకప్పటి మా ఆఫీసు మేనేజరు. "ఆంటీగారి ఆశీస్సులతో మనం చేసిన సీడీ" అని రాసి, కింద ఆ సీడీలోదే ఓ పసుపుపచ్చ బొమ్మ, వరసగా దండాలు. కాసేపటికి గ్రూపులో అందరూ ఆ దండాలే తిరగ్గొట్టి పంపారు. సంతాపం కూడా కాపీ కొట్టే జాతి మనది. ఆశీస్సులట! సిగ్గుండాలి. ఆవిడ ఆ సీడీని ఆశీర్వదించలేదు. ఆ ముక్క చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అందరికీ సాఫ్ట్‌వేర్ పిచ్చి పట్టిన రోజులవి. మనవాళ్లలో ప్రతివాడూ మెడలో ఆఫీసు కార్డుతోనే నిద్రపోయేవాడు. ఆంటీ మాత్రం ఒక ఆర్ట్ కాలేజీలో పాత యూరప్ చేతిరాత పుస్తకాల చరిత్ర చెప్పేవారు. అచ్చు యంత్రం రాకముందు తోలు మీద రాసి, బంగారు రేకు అంటించి, బొమ్మలు వేసిన పుస్తకాలు. లండన్‌లో చదువుకునేటప్పుడు కొన్న, అలాంటి పుస్తకంలోది ఒకే ఒక్క ఆకు ఆవిడ దగ్గర ఉండేది. ఎవడో వ్యాపారి ఒక ప్రార్థన పుస్తకాన్ని విప్పి, ఆకులు ఆకులుగా అమ్ముకున్నాడట. "కోడిని కోసి కాళ్లు వేరే, రెక్కలు వేరే అమ్మినట్టు అమ్మాడే. వాణ్ణి తిట్టుకుంటూనే కొన్నాను" అనేవారు.

సింగపూర్ ఉక్కకి తోలు ముడుచుకుపోతుంది. అందుకని ఆ ఆకున్న గదిలో ఏసీ ఎప్పుడూ నడిచేది. ఎవరైనా ఎండలోంచి వచ్చి "అబ్బ, హాయిగా ఉంది ఆంటీ" అని కూలబడితే, "నీకోసం కాదులే, దానికోసం" అనేవారు. ఓసారి జురాంగ్ వెస్ట్ నుంచి వచ్చిన ఒకావిడ, అది దూడతోలని తెలిసి చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

"అయ్యయ్యో, ఇంట్లో ఎలా పెట్టుకున్నారండీ!"

"మీ అమ్మాయి అరంగేట్రానికి వాయించిన మృదంగం ప్లాస్టిక్‌దా?" అన్నారు ఆంటీ.

ఆవిడ మళ్లీ రాలేదు. పీడా పోయిందనుకున్నాం ఇద్దరం.

శనివారం సాయంత్రాలు నాకు అక్కడే చదువు. కాఫీ గ్లాసు మాత్రం వంటింటి గడప దాటకూడదు. "మఠాల్లో ఆ క్రైస్తవ సన్యాసులు ఎంత భక్తితో రాశారో కదా ఆంటీ" అన్నాను మొదట్లో.

"భక్తా నా మొహమా! చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే గొణుక్కుంటూ రాశారు. పుటల అంచుల్లో వెక్కిరించే ఆ కోతి బొమ్మలు ఊరికే వచ్చాయా?"

తర్వాత ఆ పని మఠాల్లోంచి పట్నాల్లో దుకాణాలకి చేరిందనీ, ఒకడు రాస్తే ఇంకొకడు రేకు అంటించేవాడనీ చెప్పారు. ఇటలీ ప్రభువుల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మూతి వంకర తిరిగేది. "కొన్నవాడు పాత యజమాని వంశచిహ్నం గీకేసి తనది వేయించుకునేవాడు. లోపల ఒక్క ముక్క చదివితే ఒట్టు. మీ ఆఫీసువాళ్లూ అంతేగా?" అంతే.

ఇంతలో కాలేజీకి కొత్త బుద్ధి పుట్టింది. పాఠమంతా సీడీలో పెడితే టీచరు ఎందుకని. ఆ పని మా కంపెనీకే వచ్చింది. సలహాదారుగా ఆంటీ తన పేరు ఇస్తే సీడీతోపాటు ఆవిడ తరగతీ ఉంటుంది, లేకపోతే లేదు. ఆ తరగతే ఆవిడ ప్రాణం. "అది కూడా పోతే ఇంక గోడలకి చెప్పుకోవాలే" అన్నారు నాతో.

జురాంగ్ ఈస్ట్‌లో మా ఆఫీసు. తయారైన సీడీ చూడటానికి ప్రిన్సిపాల్ వచ్చాడు. పోల్చి చూడటానికి పనికొస్తుందని ఆంటీ అసలు ఆకును అట్టల మధ్య పెట్టి తెచ్చి బల్ల మీద పరిచారు. ఒక్కడంటే ఒక్కడు దాని వంక చూడలేదు. అందరి కళ్లూ కంప్యూటర్ తెర మీదే. స్కానర్‌లో ఆ ఆకు మీది బంగారం నల్లగా వచ్చిందని మావాళ్లు దానిమీద పసుపు రంగు నింపారు.

"వెరీ నైస్ లా! స్టూడెంట్స్ లైక్ బ్రైట్" అన్నాడు ప్రిన్సిపాల్ సింగపూర్ యాసలో.

మేనేజరు ఆంటీ పక్కకి వంగాడు. "ఒక్క మాట చాలండి ఆంటీగారూ. ఒరిజినల్‌లాగే ఉందనండి, మీ క్లాస్ సేఫ్."

"ఇది శుభలేఖలా ఉంది నాయనా. మెరుగుపెట్టిన రేకు ఎదురుగా చూస్తే నల్లగానే ఉంటుంది, వంచితే వెలుగుతుంది. నీ పసుపు ఎటు వంచితే వెలుగుతుంది? సరే, ఈ ముఖం ఎక్కణ్ణించి వచ్చింది?"

"మేరీమాతదండీ. ఫేస్ డ్యామేజ్ అయింది కదా, మా డిజైనర్‌తో కొత్తగా వేయించాం. నీట్‌గా వచ్చింది."

ఆంటీ గొంతు తగ్గింది. "డ్యామేజ్ కాదు. ఆ పుస్తకం ఎవరిదో, ఆవిడ ప్రార్థన చేసుకున్నప్పుడల్లా అక్కడ ముద్దు పెట్టుకుంది. తర్వాత ఆవిడ కూతుళ్లూ పెట్టుకునుంటారు. పెట్టీ పెట్టీ ముఖం అరిగింది. నువ్వు దానికి ముక్కు అతికించావు." ప్రిన్సిపాల్‌తో ఇంగ్లీషులో, తన పేరు ఎక్కడా వేయొద్దన్నారు.

అయితే వచ్చే టర్మ్ నుంచి సీడీ ఒక్కటే ఉంటుందన్నాడు ఆయన. ఆంటీ తలూపారు. "ముసలావిడకి ఈగో" అన్నాడు మేనేజరు లిఫ్ట్ దగ్గర నాతో. ఆ నోటితోనే ఇవాళ ఆశీస్సులంటున్నాడు. థూ! చూసి ఛీ అనాల్సిన చోట ఛీ అనడం నాకు నేర్పింది ఆవిడే. ఆ ఋణం తీరేది కాదు.

ఆ సాయంత్రం స్టేషన్ ప్లాట్‌ఫారం మీద ఎండ ఏటవాలుగా పడుతోంది. అంతమంది చేతుల మధ్య ఆకుకి ఏమైనా అయిందేమోనని ఆంటీ అట్ట తెరిచారు. ఓరగా వంచారు. బంగారం భగ్గుమంది. పక్కన నేనున్నానని మర్చిపోయినట్టున్నారు. ముఖం అరిగిపోయిన ఆ చోటుకి మెల్లగా తల వంచారు. తడి తగిలితే రంగు పోతుందని, ఆకు దగ్గర నన్ను గట్టిగా ఊపిరి కూడా వదలనివ్వని మనిషి. పెదాలు వెంట్రుకవాసి దూరంలో ఆగాయి. రైలు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఆవిడ అలాగే ఉన్నారు.