లింగన్న జేబులోని ఫ్యూజు

ఎదురు దుకాణంలో ఎంసీబీ, అదే లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చు, టక్కున పడిన చప్పుడు వింటే నా చేయి గల్లాపెట్టె మీదే ఆగిపోతుంది. వాళ్లు దాన్ని పైకి లేపుతారు. అది మళ్లీ పడుతుంది. నిజామాబాద్ బజారులో మేమంతా ఇంతే, కరెంటు మీద కూడా పెత్తనం చేయాలనుకునేవాళ్లం. నేను పుట్టగానే మంత్రసానితో బేరమాడానని మా అవ్వ అనేది. ఆ బేరం చెల్లనిది ఒక్క మనిషి దగ్గరే. ఎలక్ట్రీషియన్ లింగన్న.

బోధన్ వైపు చక్కెర మిల్లులో, చెరకు పిప్పి కుప్పల మధ్య వైర్లు లాగి పని నేర్చినవాడు. ఒక్క నిప్పురవ్వ ఎంత దూరం పోతుందో ఆయనకు తెలుసు. బాపు తర్వాత బట్టల దుకాణం నా చేతికొచ్చిన ఏడాది, పెళ్లిళ్ల గిరాకీ కోసం కొత్త ఏసీలు పెట్టించాను. ఎంసీబీ గంటకోసారి పడసాగింది. లింగన్నను పిలిచి పెద్దది వెయ్యమన్నాను.

"వైరు గదే ఉంచి పెద్దది ఏస్తే కావలి కుక్క నోరు గట్టినట్లే సేటమ్మా. దొంగొస్తే ఎట్ల మొరుగుతది?"

బోర్డు వెనక చూశాడు. మా బజారువాళ్లం ఏది వృథా చేసినా జాగా మాత్రం వృథా చేయం. వైర్లు పై అంతస్తుకు ఎక్కే కంత చుట్టూ చీరల అట్టపెట్టెలు కుక్కించింది నేనే. పైన ఆరుగురు ఆడవాళ్లు జాకెట్లు కుట్టేవారు. లింగన్న మెయిన్ ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. పెట్టెలు తీసి, వైర్లు మార్చి, కంత పూడ్చేదాకా ఇవ్వనన్నాడు. గిరాకీ అంతా చీకట్లో నిలబడింది.

"పెట్టెలు ఇయ్యాల్నే తీయిస్త లింగన్నా. కంత పెళ్లిళ్లయినంక పూడ్పిద్దాం."

"నాతోని బేరమెందుకు? అగ్గితోని ఆడు. ఒప్పుకుంటే వచ్చి జెప్పు."

కరెంటు ఎప్పుడొస్తదని పైన కుట్టేవాళ్లలో సావిత్రక్క మిషను వదిలి మెట్ల మీంచి తొంగిచూసింది. "అక్కా, కింద అంటుకుంటే మీరు ఏడికెళ్లి దిగుతరు?" అని లింగన్న ఆమెను అడిగాడు. ఆమె మెట్లు చూపింది. ఉన్నది ఆ ఒక్క మెట్ల వరసే, వైర్ల కంత పక్కనే. గిరాకీని నేనే బయటికి పంపాను.

షట్టర్ దించాం. ఆయన లావు వైర్లను ఇనుప గొట్టాల్లో లాగి, కంతను మంట దాటనివ్వని ముద్దతో పూడ్చాడు. ఇంత ముద్దకు ఇంత రచ్చా అని గొణిగాను.

"మిగిలితే నీ నోటికి గూడ పెడత" అన్నాడు.

మరుసటి ఎండాకాలం బోర్డులో ఒక అతుకు కాలింది. ఎంసీబీ వెంటనే పడింది. గోడ కప్పు దాకా నల్లబడింది, పొగ అక్కడే ఆగింది. ఆరుగురూ నడిచి దిగారు. సావిత్రక్క చేతిలో సగం కుట్టిన జాకెట్ అలాగే ఉంది. లింగన్న వచ్చి చూసి, "గోడకు సున్నమేయించు" అని వెళ్లిపోయాడు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. మొన్న రెండో దుకాణం కోసం బోధన్‌లో ఒక కాంప్లెక్స్ చూశాను. అక్కడా కంత నోరు తెరుచుకునే ఉంది.

"ఇంతమంది దుకాణాలు పెట్టిండ్రు, ఎవ్వలు అడగలే" అన్నాడు యజమాని.

"ఎవ్వలు అడగకుంటే అగ్గి అంటుకోదా? అది పూడేదాకా సంతకం పెట్ట."

సగం పూడుస్తానన్నాడు. నేను కదల్లేదు. అద్దె తగ్గించమని కూడా అడగలేదు. మా ఇంటి బేరాలు తెలిసిన మనిషి, నేను బేరమాడకపోయేసరికే బెదిరినట్టున్నాడు. మర్నాడు పొద్దున్నే మేస్త్రీని పంపాడు. నేనూ వెళ్లాను, ఏ ముద్ద తెచ్చాడో చూడటానికి.