తొలికాయ

మా అత్త పెరట్లో కాసిన తొలికాయ ఎన్నడూ తినలేదు. బెండ కానీ, బీర కానీ, మొదటి పిందె కనిపించిందంటే చాలు, దాని తొడిమకి ఎర్ర దారం కట్టేస్తుంది. ఇక అది దేవుడిది. ఆదివారం చర్చిలో బల్ల మీద పెట్టి వచ్చేదాకా ఆ పాదులో రెండో కాయ కూడా ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. పెళ్ళయి చోడవరం వచ్చిన కొత్తలో ఇది నాకు ముచ్చటగా ఉండేది. నేనూ క్రైస్తవుల ఇంట్లో పుట్టినదాన్నే, కానీ మా పుట్టింట్లో మొక్కలంటే వరండాలో రెండు క్రోటన్ కుండీలే.

మొన్న వానాకాలంలో మాకు పాప పుట్టింది. తొలిచూలు. వారం తిరక్కుండానే పోయింది. సమాధుల తోటలో మట్టి వేసి వస్తుంటే, సంఘంలో ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "ఏడవకమ్మా, తొలిపంట దేవుడిదే గదా, ఆయనే తీసుకున్నాడు" అంది. ఓదార్పు అనుకుంది కాబోలు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు నుంచి చర్చి గడప తొక్కలేదు. బైబిలు తీసి బీరువాలో చీరల కింద పెట్టేశాను. ఆదివారం పొద్దున్న మా ఆయనా, అత్తా బండి మీద వెళ్ళిపోతే నేను బట్టలు ముందేసుకుని బాదేదాన్ని. అవి చేసిన పాపమేమిటో వాటికే తెలియాలి.

చలి తగ్గింది. చెరుకు ట్రాక్టర్లు ఇంకా రోడ్డంతా ఆకు రాల్చుకుంటూ తిరుగుతున్నాయి. ఒకరోజు అత్త పలుగు తెచ్చి నా ముందు పడేసింది.

"రా, ఆనపపాదు పెడదాం."

"ఎందుకత్తా, వడ్డాది సంతలో దొరకవా ఆనపకాయలు?"

"కాయలు దొరుకుతాయి. నీకు పని దొరకదు."

ఆమె నోటికి ఎదురు చెప్పలేం. గొయ్యి తవ్వాను. ఆమె పశువుల పేడ గత్తం తెచ్చి ఎరువుగా మట్టిలో కలిపింది. తడిబట్టలో మూటకట్టిన గింజల్ని ఒక్కొక్కటే లోపలికి గుచ్చింది. మోకాళ్ళ నొప్పులతో వంగలేక వంగి, ఆ గత్తంలోనే మోకాళ్ళేసి ప్రార్థన చేసుకుంది. "మట్టిపని కూడా మోకాళ్ళ మీదే గదా సేస్తాం, రెండూ ఒకటే" అంటుందామె. నేను బకెట్టు పట్టుకుని నిలబడ్డాను. ఆమెన్ అనలేదు.

శ్రమకాలం, ఈస్టరు ముందు ఉపవాసాల రోజులు, వచ్చేసరికి తీగ పందిరెక్కింది. అత్త ఒంటిపూట తింటోంది. ఒక సాయంత్రం ఆకుల చాటున పిందె ముందు నాకే కనిపించింది. చూపిద్దామని వేలెత్తాను. అత్త నా చేతి మీద ఒక్కటి వేసింది.

"ఏలు సూపించకు. కుళ్ళిపోద్ది."

"దిష్టీ గిష్టీ మనం నమ్మం కదా."

"నమ్మం. అయినా ఏలు మడిచి సూపించు."

నవ్వొచ్చింది. పాప పోయాక నవ్వడం అదే మొదలు. అంతలో ఆమె కొంగుముడి విప్పి ఎర్ర దారం తీసింది. నా నవ్వు అక్కడే చచ్చింది.

"కట్టొద్దత్తా. ఒకసారి ఇచ్చాను. ఇంక ఇవ్వను. ఆయనకి ఇది కూడా కావాలా?"

ఆమె దారం పట్టుకుని నా వైపు చాలాసేపు చూసింది. తర్వాత కట్టేసింది. నేను లోపలికొచ్చి తలుపు ధడాల్న వేశాను.

ఆ కాయ ఈస్టరు నాడు నా చేత్తోనే బల్ల మీద పెట్టించాలని అత్త మనసులో ఉందట. మా ఆయన నసుగుతూ చెప్పాడు. "అమ్మ మాట ఈ ఒక్కసారికి కాదనకు" అన్నాడు. "పోయిన పాప నీకూ కూతురే" అన్నాను. బండి తుడుచుకోవడానికి వెళ్ళిపోయాడు. నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. దేవుడి మీద కోపం ఉండడం వేరు, దేవుడే అక్కర్లేకపోవడం వేరు. బలవంతాన నాచేత ఆ కాయ పెట్టిస్తే నేను ఆ రెండోదాంట్లోకి పడిపోతాను, ఇక వెనక్కి రాలేను. అది నాకు తెలుసు.

ఈస్టరు ముందు రోజు అందరూ సమాధులకి సున్నం వేస్తారు. అత్త ఒక్కతే వెళ్ళి పాప సమాధికి సున్నం వేసి వచ్చింది. చేతులు కడుక్కోగానే కత్తి పట్టుకుని పెరట్లోకి నడిచింది. రేపటికి కాయ కోస్తోంది కాబోలనుకున్నాను. కాసేపటికి వంటింట్లో కత్తిపీట చప్పుడైంది. వెళ్ళి చూస్తే కాయ రెండు చెక్కలై ఉంది. దారం తెగి నేల మీద పడి ఉంది.

"అత్తా, అది తొలికాయ."

"తెలుసు."

పాలు పోసి కూర వండింది. నన్ను పీట మీద కూర్చోబెట్టి, వేడి అన్నంలో వేసింది.

"తిను."

"దేవుడిది కదా."

"నీ తొలికాయ ఎల్లిపోయిందమ్మా. ఇచ్చేవో, ఆయనే లాక్కున్నాడో, నాకు తెలీదు. సమాధి కాడ అడిగేను, నాకేటీ సెప్పలేదాయన. ఇది మాత్రం నీది. ఆయనతో నాను మాటాడుకుంటాను."

ఏడుస్తూ తిన్నాను. పాపని మట్టిలో పెట్టిన రోజున కూడా అంత ఏడుపు రాలేదు నాకు. ఆమె నా ఎదురుగా కూర్చుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా వడ్డిస్తూనే ఉంది.

మర్నాడు తెల్లవారుజామున వాళ్ళు కొవ్వొత్తులు తీసుకుని బయల్దేరుతుంటే, "ఉండండి, నేనూ వస్తున్నాను" అన్నాను. పాప దగ్గర కొవ్వొత్తి వెలిగించి చర్చిలోకి వెళ్ళాం. బల్ల నిండా గుమ్మడికాయలు, అరటి గెలలు, ఎవరివో కొబ్బరికాయలు. ఆ పెద్దావిడే మా అత్త ఉత్తచేతులు చూసి, "ఏటి, ఈసారి మీ పెరట్లోది ఏటీ తేలేదు?" అని అడిగింది.

"కాసింది. మేం తినేసేం" అంది అత్త.

అత్త ఆ కూరలో ఒక్క ముక్క కూడా నోట పెట్టలేదు.