కాక టోకెన్ ఇంకా బోర్డు మీదే

2023 జనవరి. గోదావరిఖని దగ్గర ఒక భూగర్భ గనిలో నేను ఓవర్‌మన్‌ను, అంటే ఒక షిఫ్టులో ఒక సెక్షన్‌కు బాధ్యుణ్ణి. చదివింది మైనింగ్ డిప్లొమా. అప్పటికి నా కథల సంపుటి ఒకటి వచ్చింది. ఆ అర్హత మీద కరీంనగర్‌లో జరిగే రెండు రోజుల రచయితల సభకు పిలుపు వచ్చింది. సభలకు వెళ్తే రచయితకు ఏం ఒరుగుతుందని కొత్తగా రాసేవాళ్లు నన్ను అడుగుతుంటారు. వాళ్లకు నేను చెప్పేది ఈ ఒక్క సంగతే.

పిలుపు సంగతి తెలిసి ఏసోబు కాక మా క్వార్టర్‌కు వచ్చాడు. మా నాన్నతో పనిచేసిన టింబర్‌మన్ ఆయన. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కట్టె దిమ్మలు నిలబెట్టడం టింబర్‌మన్ పని. రిటైరై చాలా ఏళ్లయింది. చేతిసంచిలోంచి నాలుగు లాంగ్ నోట్‌బుక్కులు తీశాడు. నీలం పెన్నుతో, గీత దాటని రాత. విషయం ఒక్కటే: కప్పు కూలే ముందు ఎలాంటి చప్పుళ్లు వస్తాయి, ఏ చప్పుడు తర్వాత మనిషికి ఎంత సమయం ఉంటుంది.

ఆయన వాటిని నాలుగు రకాలుగా విడదీశాడు. ఇసుక రాలుడు. దిమ్మ మూలుగుడు. లోపలెక్కడో పిడుగు పడ్డట్టు దెబ్బ. ఆ తర్వాత ఏ చప్పుడూ లేకపోవడం. ఈ నాలుగోదానికే ఒక నోట్‌బుక్ మొత్తం పట్టింది. ఇప్పుడు మేము కప్పుకు రంధ్రాలు వేసి ఉక్కు బోల్టులు బిగిస్తున్నాం. బోల్టు దిమ్మలాగా మూలగదు. నేను చదివిన ఏ పాఠంలోనూ ఈ సంగతులు లేవు.

అచ్చవుతుందా అని అడిగాడు కాక. అడిగి చూస్తానన్నాను.

“అయితదా లేదా అని కాదు, ఎన్నడయితదో అడుగు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలుపుకోవాలె అన్నడు దవాఖానల డాక్టరు. లోకం చదువుడు తర్వాత. ముందుగాల నేను చదువుకోవాలె.”

గ్లకోమా. కుడికన్ను అప్పటికే పోయింది. ఎడమకంటికి పొద్దున, సాయంత్రం చుక్కలు వేసుకుంటున్నాడు.

నోట్‌బుక్కులు నాలుగూ ఫోన్లో స్కాన్ చేసుకుని, జిరాక్స్ తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించాను. సభకు ఒక జాబితాతో వెళ్లాను. కలవాల్సిన ఐదుగురి పేర్లు, ఎవరిని ఏం అడగాలి, ఎంతసేపు, ఫలితం. నాలుగు గడులు.

సభ గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు. ప్రసంగాలు వేళకు మొదలుకావు, వేళకు ముగియవు. పరిచయాలు హాల్లో కాదు, భోజనాల లైన్లో జరుగుతాయి. ప్రతివాళ్లూ తమ పుస్తకం మీద సంతకం చేసి ఎదుటివాళ్ల చేతిలో పెడతారు. సాయంత్రానికి సంచి బరువెక్కుతుంది. మొదటిరోజు ముగిసేసరికి నా జాబితాలో నలుగురి పేర్లు కొట్టేశాను. ఇద్దరు నవ్వారు, ఒకరు నంబర్ ఇచ్చారు, ఒకరు తన పుస్తకం ఇచ్చారు.

ఐదో ఆయన ఒక చిన్న ప్రచురణ సంస్థ నడిపే సంపాదకుడు. ప్రతిని రెండు చేతులతో అందుకున్నాడు. అట్ట తిప్పాడు. “నా దగ్గర ఉంచండి, చూస్తాను” అన్నాడు. ఐదో పేరు కూడా కొట్టేశాను.

నా పొరపాటు అక్కడ మొదలైంది. అది గనివాడు మాత్రమే చేసే పొరపాటు. షిఫ్టు మారేటప్పుడు డ్యూటీ దిగే ఓవర్‌మన్ సెక్షన్ పరిస్థితి పుస్తకంలో రాస్తాడు, వచ్చేవాడు చదివి సంతకం పెడతాడు. దాన్ని హ్యాండోవర్ అంటాం. సంతకం పడ్డాక సెక్షన్ అతనిది. ఇంటికెళ్లి ఫోన్ చేసి “చూసుకుంటున్నవా?” అని అడిగితే అతన్ని అవమానించినట్టే. “చూస్తాను” అన్న మాటను నేను సంతకంగా లెక్కేశాను. సంపాదకుడు తీసుకున్నాడని కాకకు చెప్పి ఊరుకున్నాను.

కాక ఆ మాట చాయ్ హోటల్లో చెప్పుకున్నాడు. ఎండాకాలం పోయింది, వానలు పోయాయి. కాకతో పాటు రిటైరైన రాజన్న రోజూ ఒక మాట వేసేవాడు. దానికి కొంచెం వివరం కావాలి. గనిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్లను ల్యాంప్‌రూమ్‌లో ఇచ్చి దీపం తీసుకుంటాడు. ఆ బిళ్లే టోకెన్. దాన్ని బోర్డుకు తగిలిస్తారు. పైకొచ్చాక దీపం ఇచ్చి టోకెన్ తీసుకుంటాడు. బోర్డు మీద టోకెన్ ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు.

“ఏసోబూ, నీ బుక్కు ఏ షిఫ్టుకు దిగిందే? టోకెన్ ఇంకా బోర్డు మీదనే ఉన్నది” అనేవాడు రాజన్న.

కాక నవ్వేవాడు. నేను కనిపిస్తే మాత్రం కబురేమైనా వచ్చిందా అని అడిగేవాడు. “చూస్తున్నడు, కాకా” అనేవాణ్ణి. ఆ సంపాదకుడి నంబర్ నా ఫోన్లో ఉంది. ఒక్కసారి కూడా చేయలేదు.

డిసెంబర్‌లో వరంగల్‌లో ఇంకో సభ. భోజనాల లైన్లో సంపాదకుడు నా ముందే నిలబడి ఉన్నాడు. నమస్కారం పెట్టి కాక ప్రతి గురించి అడిగాను. ఏ ప్రతి అన్నాడు. చెప్పాను. ఆయనకు గుర్తు రాలేదు. అబద్ధం మాత్రం ఆడలేదు.

“బాబూ, సభలో ఎవరిచ్చినా చూస్తాననే అంటాను. వద్దంటే మనిషి మొహం చిన్నబోతుంది. అట్లా తీసుకున్నవి ఇంట్లో రెండు గోనెసంచులున్నాయి. మళ్లీ అడిగినవాళ్లవి చదువుతాను. మీరు అడగలేదు కదా?”

“మా దగ్గర అడగకపోవుడే నమ్మకం సార్.”

ఆ రోజు జాబితాలో ఇంకా నాలుగు పేర్లున్నాయి. కాగితం జేబులో పెట్టి ఫోన్ తీశాను. నాలుగో నోట్‌బుక్ మొదటి పేజీ తెరిచి ఇచ్చాను. ఆయన ఒక చేత్తో ప్లేటు పట్టుకుని నిలబడే చదివాడు. పేజీ జరిపాడు. ఇంకోటి జరిపాడు. పెరుగన్నం అట్లాగే ఉంది.

“ఈయన ఉన్నారా?”

“ఉన్నరు సార్. చూపు పోతున్నది.”

డైరీ తీసి, నెలాఖరులోగా చదివి చెప్తానని తేదీ వేసుకున్నాడు. దాని కింద సంతకం పెట్టమన్నాను.

“ఏమిటిది, కోర్టా?”

“కాదు సార్. షిఫ్టు.”

నవ్వి పెట్టాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఫోన్ చేశాను. ఆయన ఒక్కసారీ విసుక్కోలేదు. చదివి, అచ్చు వేస్తానన్నాడు. టైపింగ్, ప్రూఫులు నేను చూశాను. అక్షరం పెద్దది వేయమన్నాను, వేశాడు. మరుసటి ఏడు జూన్‌లో పుస్తకం అచ్చయింది.

పుస్తకం తీసుకెళ్లేసరికి కాకకు ఎడమకంట్లో వెలుగు, నీడ తప్ప ఏమీ తెలియడం లేదు. కిటికీ దగ్గరికి జరిగి పుస్తకాన్ని మొహానికి ఆనించాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తర్వాత దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాడు. గనిలో కప్పు గట్టిగా ఉందో లేదో కర్రతో తట్టి చూసినట్టు.

“గట్టిగనే ఉన్నది. ఇగ నువ్వు చదువు” అన్నాడు.

నాలుగు రోజులు డ్యూటీ దిగాక వెళ్లి చదివాను. నాలుగో భాగంలో ఒకచోట నన్ను ఆపాడు.

“జల్ది చదువుతున్నవ్ బిడ్డా. సప్పుడు లేని కాడ ఆగాలె.”

ఆగాను. ఆయన తల ఊపాక మొదలుపెట్టాను. ఆలస్యం లెక్క నాకు తెలుసు. నేను మళ్లీ అడగని ఆ పదకొండు నెలలూ ఎడమకంటికి చూపుంది.

ఇప్పుడూ సభలకు వెళ్తాను, జాబితా రాసుకునే వెళ్తాను. ఐదుగురి బదులు ఒక్కరి పేరే రాస్తున్నాను. నాలుగు గడుల పక్కన ఐదోది చేర్చాను: మళ్లీ అడిగిన తేదీ. ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం ఎవరో లోపలే ఉన్నారని లెక్క.