ఆటో హారన్

మా కారు మోడల్‌ను కంపెనీ ఆపేసి చాలా ఏళ్లయింది. హారన్ పాడైతే దానికి సరిపడేది మా నారాయణఖేడ్‌లోనే కాదు, హైదరాబాద్ పాత సామాను దుకాణాల్లోనూ దొరకలేదు. చివరికి బస్ డిపో పక్కనున్న మెకానిక్ షేర్ ఆటో హారన్ ఒకటి తెచ్చి బిగించాడు. "నడుస్తది తీయ్ సార్," అన్నాడు. నడిచింది, కానీ కొట్టినప్పుడల్లా అచ్చం ఆటో వచ్చినట్టే ఉండేది. కారున్నవాణ్నన్న నా టెక్కంతా ఆ మోతలో కొట్టుకుపోయింది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం మనూర్ దారిలో మేకలు అడ్డొస్తే హారన్ కొట్టాను. వేపచెట్టు కింద కూర్చున్న ఒక ముసలమ్మ ఆటో అనుకుని, మూట నెత్తికెత్తుకుని ఉరికొచ్చింది. ఆయాసపడుతూ వెనక తలుపు పట్టుకుంది.

"ఇది ఆటో కాదమ్మా," అన్నాను చిరాగ్గా.

ఆమె కారును చూసింది, నన్ను చూసింది.

"మరి ఎందుకు పిలిచినవ్ బిడ్డా?"

గేరు వేశాను. తలుపు మీది చెయ్యి ఆమే తీసేసింది.

వెనక సీటంతా ఖాళీ. మనూర్ దాకా ఎవరు అడ్డొచ్చినా మళ్లీ హారన్ కొట్టలేదు.